తలుపు వేసే సీను

ఫిబ్రవరి 3, సోమవారం

ముందుగా ఒక మాట స్పష్టంగా రాసుకుంటున్నాను. నేను కోపిష్టివాణ్ణి కాను. ఇది ఎవరూ చదివేది కాదు కాబట్టి ఇక్కడ అబద్ధమాడాల్సిన అవసరం నాకు లేదు. ‘కోపం వచ్చినప్పుడు మాట్లాడకండి, రాసుకోండి’ అని డాక్టరు గారు చెప్పారు కాబట్టి రాస్తున్నాను. కృపమ్మ పక్కనుంచి “అయితే ఈయనకి వారానికో పుస్తకం కొనాలండీ” అంది, ఆయన ఎదురుగానే. భార్య అన్నాక ఆ మాత్రం వేళాకోళం చేస్తుంది.

గుండెలో స్టెంట్లు వేసి ఆరు నెలలయింది. ఆ సంగతి కృపమ్మకీ, తమ్ముడు సన్నీకీ తప్ప అమలాపురంలో ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళకి చెన్నైలో చుట్టాల పెళ్ళికి వెళ్ళామని చెప్పాం. జబ్బుమనిషని తెలిస్తే నాటకాల్లో మంచి వేషాలు ఇవ్వరు. మంచం మీద దగ్గే తాత వేషం ఇస్తారు.

ఈరోజు ఉమామహేశ్వరరావు మాస్టారు కొత్త నాటిక చదివి వినిపించారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు. ఆయన నాటికలో ఎవరో ఒకరు పోకుండా తెర పడదు. దీని పేరు ‘గండి’. రామభద్రయ్య, చంద్రం అన్నదమ్ములు. తమ్ముడు వేరుపడిపోతున్నాడని ఎవరో చెబితే విని రామభద్రయ్య మండిపోతుంటాడు. గోదావరికి వరద. ఆ వానలో తమ్ముడు గుమ్మంలోకి వచ్చి ‘అన్నయ్యా, ఒక్కమాట’ అంటాడు. ‘నోరు ముయ్యి’ అని అన్న తలుపు వేసేస్తాడు. తమ్ముడు చెప్పబోయిందల్లా ఏటిగట్టుకి గండి పడుతోందని. అన్న వినడు కాబట్టి ఒక్కడే వెళ్ళి, గండి పూడుస్తూ కొట్టుకుపోతాడు. తెల్లారాక అన్న ఆ శవాన్ని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి రెండు పేజీల డైలాగు చెబుతాడు. తెర.

నాది రామభద్రయ్య వేషం. సన్నీది చంద్రం. సొంత అన్నదమ్ములైతే ఏడుపు బాగా పండుతుందని మాస్టారి లెక్క.

“ఎలా ఉందండీ ఏసుదాసు గారూ?” అన్నారు.

“బాగుందండీ. కానీ రామభద్రయ్య నమ్మేలా లేడండీ. ఎంత కోపమైనా, వానలో తడిసొచ్చిన తమ్ముణ్ణి ఏంటిరా అని ఒక్క ముక్క అడగడా?”

“అడిగితే ఇంక నాటకమేదండీ?”

అదేం సమాధానం? నా ప్రశ్నకి విలువ లేని చోట నేను కూర్చోను. లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే కాళ్ళకి ఉన్న చెప్పుల్లో ఒకటే నాది.

ఫిబ్రవరి 5

రామభద్రయ్యకి మీసం ఉండదనిపించింది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వస్తూ తీయించేశాను. మాస్టారు చూసి తల పట్టుకున్నారు. రెండో సీన్లో మీసం మెలేసే డైలాగు ఉందట. నేనింకా అక్కడిదాకా చదవలేదు. పెట్టుడు మీసం పెడతారట.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాటక సమాజం వాట్సాప్ గ్రూపులో మాస్టారు ‘కొందరు టైముకి రావడం లేదు’ అని పెట్టారు. కొందరంటే ఎవరో నాకు తెలియదా? గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. నటన నుంచి శాశ్వతంగా విరమిస్తున్నట్టు విడిగా మెసేజీ కూడా పెట్టాను. పాతికేళ్ళ కళాసేవకి ఇదీ బహుమానం.

ఫిబ్రవరి 10

ఆ మాట శ్రీకళ గారు ఎక్కే బస్సు గురించట. నాకు భార్యగా వేసే ఆవిడ, రాజమండ్రి నుంచి రావాలి. మళ్ళీ చేరాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొబ్బరి కొట్టు మేడ మీద రిహార్సల్. కింద కాయలు ఒలుస్తుంటారు, పైన మేం ఏడుస్తుంటాం. మేకప్పూ సెట్టింగూ చూసే అప్పలరాజు ప్లైవుడ్డుతో తలుపు చేసి తెచ్చాడు. మొదటిసారి వేసేసరికి ద్వారబంధంతో సహా వెనక్కి పడిపోయింది. “కొంచెం నెమ్మదిగా అండీ, ఇది నాటకం తలుపండీ” అన్నాడు. కోపంలో నెమ్మదిగా తలుపు వేసేవాళ్ళు ఉంటారా? పాత్రలో లీనమైతే అంతే.

చివరి సీను దగ్గర సన్నీతో పేచీ వచ్చింది. ఎత్తుకోబోతే వాడు ఒప్పుకోడు. “ఆ రోజు చూద్దాంలే అన్నయ్యా” అని చుట్టిన పరుపొకటి నా చేతుల్లో పెట్టాడు. డాక్టరు నీళ్ళ టిన్ను కూడా ఎత్తొద్దన్నారు, నిజమే. సన్నీ నీళ్ళ టిన్ను కాదు కదా, నా తమ్ముడు. కాస్త లావుగా ఉంటాడు, అంతే. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని కాలువ దాటించాను. ఇప్పుడు నా చేతుల్లోకి రావడానికి వాడికి నామోషీ అన్నమాట.

ఫిబ్రవరి 20, గురువారం

రాస్తుంటే పెన్ను ములికి విరిగింది. కోపంతో కాదు.

సాయంత్రం అప్పలరాజు పెట్టుడు మీసం కొలత తీసుకోవడానికి వచ్చాడు. మాటల్లో “సన్నీ గారు మాస్టారితో అన్నారండీ, పెద్ద వేషం అన్నయ్యకి వద్దండీ, నాకిచ్చెయ్యండి అని. మాస్టారు ఒప్పుకోలేదనుకోండి” అన్నాడు.

“నువ్వు విన్నావా?”

“ఆయ్. నేనక్కడే ఉన్నానండీ. ఇంకా ఏదో అన్నారు గానీండీ, కింద మోటారేసేరు, వినపళ్ళేదు.”

వినిపించినంత చాలు. అప్పలరాజు ఉన్నా సరే, పాతికేళ్ళు ఈ చేతులతోనే వాడికి మేకప్ చేశాను. నా వెనకాల నా వేషానికి గోతులు తవ్వుతాడా?

చీకటిపడే వేళ వాడే వచ్చాడు. వాడిల్లు మా పెరటి వెనకే. చేతిలో రొయ్యల ఇగురు గిన్నె. గుమ్మంలో నిలబడి “అన్నయ్యా, ఒక్కమాట…” అన్నాడు.

“నీతో నాకు మాటల్లేవు. పో” అన్నాను.

తలుపు మొహం మీద వేశానని కృపమ్మ అంటోంది. నేను వేయలేదు. చేరేశాను. మిగతాది గాలి.

గిన్నె మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. కృపమ్మ లోపలికి తెచ్చింది. పారేస్తే పాపమని తిన్నాను. ఉప్పు సరిపోయింది.

ఫిబ్రవరి 21

కోపం లేదు. ఉన్నది స్పష్టత.

ఫిబ్రవరి 25

మేమిద్దరం రిహార్సల్లో మాట్లాడుకుంటున్నాం, మాస్టారు రాసినంతవరకు. ఆయన రాయనిదేదీ మా మధ్య లేదు.

గుమ్మం సీన్లో సన్నీ ‘అన్నయ్యా, ఒక్కమాట’ అంటుంటే కాయలొలిచేవాళ్ళు కూడా పైకి వచ్చి చూస్తున్నారు. మాస్టారు శభాష్ అన్నారు. ఒప్పుకోవాలి, ఆ ముక్క బాగా చేస్తున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో.

ఇంట్లో కృపమ్మ మొదలుపెట్టింది. “సన్నీ అలా ఎందుకన్నాడో తెలుసా మీకు?”

“తెలుసు. తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.”

“అయితే నేనూ చెప్పనండి. మీ నోటితో మీరే అడగండి. అప్పటిదాకా నేను మీతో ఉప్పూ కారం సంగతులే మాట్లాడతాను. ఒకటి మాత్రం వినండి. మీరు ఆ మోసే సీను మొయ్యబోయేరంటే నేను స్టేజీ ఎక్కేస్తాను.”

‘నేను చూసుకుంటాను వదినా’ అని సన్నీ ఆవిడకి మాటిచ్చాడట. ఏం చూసుకుంటాడు? నా వేషం.

మార్చి 5, బుధవారం

శ్రమకాలం మొదలైంది. ఈస్టరుదాకా ఏదైనా ఒకటి విడిచిపెట్టమని పాస్టరు గారు చెప్పారు. కృపమ్మ కాఫీ విడిచిపెట్టింది. నేను కోపం. లేనిదాన్ని విడిచిపెట్టడం తేలిక.

మార్చి 6

ఆటో అతను పాట సౌండు తగ్గించనన్నాడు. అంబాజీపేట అవతలే దిగిపోయి ఎండలో నడిచాను. ఇది కోపం కిందికి రాదు, చెవుల ఆరోగ్యం కిందికి వస్తుంది. కొబ్బరితోటల నీడ అయిపోయిన చోట ఛాతీలో పట్టినట్టయింది. కాలువగట్టు మీద కూర్చుని నాలుక కింద మాత్ర పెట్టుకున్నాను. భయం వేసింది. అది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. ఆ భయంలో ముందు నోట్లోకి వచ్చిన పేరు సన్నీది. అలవాటు, అంతే.

మార్చి 12

సన్నీ రాత్రిపూట అన్నం మానేశాడట. పొద్దున్నే కాలువ వెంబడి పరుగెడుతున్నాడట. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక స్టేజీ మీద హీరోలా కనబడాలని ఆశ కాబోలు. పూతరేకుల డబ్బా ఎదురుగా పెడితే వద్దన్నాడని కృపమ్మ చెప్పింది. చెప్పి నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది.

“ఏంటి?” అన్నాను.

“ఉప్పు అయిపోయిందండీ” అంది.

మార్చి 19

రామభద్రయ్య సంగతి తేల్చుకోవాలని మాస్టారి ఇంటికి వెళ్ళాను. నా సలహా ఏమిటంటే, అతనికి మొదటి సీన్లోనే నూటమూడు జ్వరం పెట్టాలి. జ్వరంలో ఉన్న మనిషి తలుపు వేశాడంటే జనం ఒప్పుకుంటారు. లేకపోతే రాయి విసురుతారు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. “జ్వరం వద్దండీ. తాగుబోతునీ చేయనండీ. రామభద్రయ్య మంచివాడండీ. తమ్ముడంటే ప్రాణం. అంత ప్రాణం కాబట్టే అంత మంట. రెండు నిమిషాలు ఆగలేడు, అదొక్కటే అతని జబ్బు. నా నాటికంతా ఆ రెండు నిమిషాల మీద నిలబడుందండీ. అతను ఆగి విన్నాడనుకోండి, చంద్రం పోడు. చంద్రం పోకపోతే నాకు రాయడానికేం లేదు.”

“అలాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదండీ” అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని నన్ను చూశారు. తర్వాత “ఇంకో టీ తాగుతారాండీ?” అన్నారు. ఇలా మాట మార్చేవాళ్ళతో వాదించి లాభం లేదు. లేచి వచ్చేశాను. ఈసారి చెప్పులు చూసుకునే వేసుకున్నాను.

మార్చి 22, శనివారం

ఈరోజే పరిషత్తు వాళ్ళ నాటికల పోటీ. సన్నీ ఇవాళా మాట్లాడలేదు. నేను మాట్లాడలేదు కాబట్టి.

మార్చి 23, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. జరిగింది జరిగినట్టు రాస్తే తప్ప నాకు కుదురు లేదు.

కొత్తపేట అవతల ఊళ్ళో పరిషత్తు. పందిట్లో జనం బాగానే ఉన్నారు. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, మోకాళ్ళ మీద కాగితాలు. వాళ్ళ వెనకే కృపమ్మ, ఒళ్ళో నా మాత్రల సంచి, కాళ్ళకి చెప్పులు విప్పేసి ఉంది. స్టేజీ ఎక్కడానికి సిద్ధంగా ఉందని అర్థమైంది.

రెండో సీను బ్రహ్మాండం. మీసం మెలేస్తే చప్పట్లు. తర్వాత గుమ్మం సీను. ఉరుములు, మెరుపులు. తెర పక్కన అప్పలరాజు సన్నీ నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. వాడు గుమ్మంలోకి వచ్చాడు.

“అన్నయ్యా, ఒక్కమాట” అన్నాడు.

నా చెయ్యి తలుపు మీద ఉంది. నోట్లో డైలాగు ఉంది. అంతలో వాడి చొక్కా చూశాను. నెల కిందట కొలిచి కుట్టించిన చొక్కా. తడిసి ఒంటికి అంటుకోవాల్సింది, వేలాడుతోంది. మెడ దగ్గర ఎముకలు పైకి కనిపిస్తున్నాయి. నా తమ్ముడికి మెడ ఎముకలుంటాయని నాకిన్నేళ్ళూ తెలియదు. బుగ్గలు లోపలికి పోయి, ఆ నీళ్ళు కారుతుంటే, కాలువ దాటించిన రోజున ఉన్న మొహమే ఉంది వాడికి.

“ఏంటిరా?” అనేశాను.

ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. సన్నీ బిత్తరపోయాడు. చంద్రం దగ్గర ఈ ప్రశ్నకి జవాబు లేదు. నాటిక మొత్తంలో అతన్ని ఎవరూ అడగరు.

తెర పక్కనుంచి మాస్టారు “నోరు ముయ్యి! నోరు ముయ్యి అనండీ!” అని అందిస్తున్నారు.

“మీరుండండి మాస్టారూ” అన్నాను అటు తిరిగి. మైకులో ఊరంతా వినబడింది. మళ్ళీ ఇటు తిరిగి “చెప్పరా. ఏదో చెబుదామని వచ్చేవు కదా. చెప్పు. వింటాను” అన్నాను.

వాడు నన్నే చూస్తున్నాడు. మొహం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చంద్రం కాదు, సన్నీయే మాట్లాడాడు.

“నీ వేషం కావాలన్లేదన్నయ్యా. మార్చమన్నాను. చచ్చేవాడి వేషం నీకిమ్మన్నాను. మోసేది నేను మోస్తానన్నాను. డాక్టరు గారు బరువెత్తొద్దన్నారు కదా. నువ్వేమో ఎవరికీ చెప్పనివ్వవు. కారణం చెప్పకుండా మాస్టార్ని ఎలా ఒప్పించను? ఆయన ఒప్పుకోలేదు. సరే, నేనే తగ్గుదామని అన్నం మానేసేను. ఎంత మానేసినా ఇంతే తగ్గేనన్నయ్యా. ఇంకా బరువుగానే ఉన్నాను.”

వరదలో డాక్టరెవరని ఎవరో పక్కవాణ్ణి అడగడం నాకు వినిపించింది. కృపమ్మ బావురుమంది. ఆవిణ్ణి చూసి ఇంకో నలుగురు ఆడవాళ్ళు మొదలుపెట్టారు, ఎందుకో తెలియకుండానే.

నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. వాణ్ణి కావలించుకుని “లోపలికి రా, జలుబు చేస్తుంది” అన్నాను. విడిపించుకునేసరికి నా మీసం వాడి భుజం మీద ఉంది.

ఇంక చేయడానికేమీ లేదు. అన్నదమ్ములు కలిసిపోయారు. నాటిక సగమే అయింది. నేనూ సన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. పరువు కాపాడింది శ్రీకళ గారు. ఆవిడ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి “అన్నదమ్ములు తర్వాత ఏడుద్దురు గానీ, అక్కడ గట్టుకి గండి పడుతోందండీ! పదండి!” అంది. ముగ్గురం పార పట్టుకుని లోపలికి పరుగెత్తాం. లైటింగు అబ్బాయి తనకి చెప్పినట్టే తెల్లవారే వెలుగు వేశాడు. ఖాళీ స్టేజీ మీద చక్కగా తెల్లవారింది. శవం రాలేదు. తెర వేసేశారు.

మాస్టారు మేకప్ పెట్టె మీద కూర్చుని ఉన్నారు. “నా నాటికలో ఉన్నదొక్క చావండీ. దాన్ని కూడా బతికించేసేరు” అన్నారు. సొంత మనిషి పోయినట్టు ఉంది ఆయన మొహం.

న్యాయనిర్ణేత ఒకాయన వెనక్కి వచ్చి మర్యాదగానే చెప్పారు. “బాగా చేసేరండీ. కానీ విషాద నాటిక అని పంపేరు. ఆ అన్నగారు తొందరపడితేనే కదండీ విషాదం. ఆయన అడిగేసేక ఇంక మేం మార్కులు దేనికెయ్యాలండీ?” ఒక్క బహుమతి కూడా రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కొత్తపేట సెంటర్లో వ్యాను ఆపించి సన్నీకి బిర్యానీ పెట్టించాను. వాడు తింటుంటే నేనూ కృపమ్మా చూస్తూ కూర్చున్నాం. రెండో ప్లేటు చెప్పాను. వద్దన్నాడు. కసిరాను. తిన్నాడు.

ఒకటి మాత్రం రాసి పెట్టుకోవాలి. స్టేజీ మీద నేను తొందరపడి అడగలేదు. ఆలోచించే అడిగాను.

మార్చి 25

మాస్టారు ఇంటికి వచ్చారు. నాటిక గురించి తిడతారని సిద్ధంగా ఉన్నాను, జవాబులు కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు.

“నాటిక కోసం ఒక ప్రాణం తీద్దామనుకున్న మాట నిజమేనండీ. అది మీదని నాకొక్కరూ చెప్పలేదు” అన్నారు. నేను లేచి ఫ్యాను ఆయన వైపు తిప్పాను.

కృపమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగాక మళ్ళీ రచయిత అయ్యారు. వచ్చే నెలలో రాజోలు వైపు ఇంకో పరిషత్తు ఉందట. నాటిక తిరగరాశారు. ఈసారి తమ్ముడు తొందరపడతాడు, అన్న పోతాడు, తమ్ముడు మోస్తాడు.

“అంటే నేను శవమాండీ?”

“ఆయ్. చివరి సీనంతా మీరేనండీ. శవానికి డైలాగులుండవు. మీరు తొందరపడి పాడుచేయడానికి చోటే లేదండీ.”

పాతికేళ్ళ అనుభవం ఉన్న నటుడితో అనాల్సిన మాటేనా అది? ఈ నాటిక నేను చేయనని చెప్పేశాను.

మార్చి 26

చేస్తున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

కొబ్బరి కొట్టు మేడ మీద మొదటి రిహార్సల్. తలుపు వేసే సీన్లో సన్నీ పనికిరావడం లేదు. ‘నోరు ముయ్యి’ అని అరిచి, తలుపు వేసి, మళ్ళీ కొంచెం తీసి నాకెక్కడైనా తగిలిందేమోనని చూస్తున్నాడు. మాస్టారు అరిచి అరిచి అలిసిపోయారు.

చివరి సీను. నేను చాప మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. శవంగా ఎలా ఉండాలో మాస్టారు ముందే చెప్పారు. ఊపిరి కనబడకూడదు, కనురెప్ప కదలకూడదు, పొగరు అసలే కనబడకూడదు. సన్నీ నా మెడ కింద ఒక చెయ్యీ, మోకాళ్ళ కింద ఒక చెయ్యీ పెట్టి ఎత్తాడు. సునాయాసంగా ఎత్తాడు. మళ్ళీ తింటున్నాడు కదా, ఒంట్లో బలం వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగాడు. నా చెవి వాడి ఛాతీకి ఆనుకుని ఉంది. వాడి గుండె చప్పుడు వింటూ పడుకున్నాను. ఇన్నాళ్ళూ నా గుండె గురించే అందరికీ గాభరా, వాడి గుండె ఇలా కొట్టుకుంటుందని నేనెప్పుడూ వినలేదు.

వాడు డైలాగు మొదలుపెట్టాడు. రెండు పేజీలూ తప్పు లేకుండా చెప్పాడు. కాయలొలిచేవాళ్ళు చేతులు ఆపేసి వచ్చి నిలబడ్డట్టున్నారు, కింద టకటక ఆగిపోయింది. నా నుదుటి మీద నీటిచుక్క పడింది. వాడు చివరి మాట దగ్గరికి వచ్చాడు.

“అన్నయ్యా… ఒక్కసారి పలకవా…” అన్నాడు.

పలికేశాను.